గాల్లో హాల్టు

సెలవు దొరికింది కదా, రోలర్ కోస్టర్ ఎక్కుదామని రాయ్‌పుర్ నుంచి హైదరాబాద్‌కు టికెట్లు వెతుకుతున్నారా? అక్కడి వండర్‌లాలో 'రికాయిల్' ఉన్నమాట నిజమే. ముందుకు దూసుకెళ్లి, తలకిందులు చేసి, వెళ్లిన దారినే వెనక్కి లాక్కొస్తుంది. అయినా దానికోసం అంత దూరం దేనికి? ఊళ్లోనే శాస్త్రి చౌక్‌కు వెళ్లి ఓసారి తలెత్తి చూడండి.

స్కైవాక్! పాదచారులు ట్రాఫిక్‌లో నలగకుండా పైనుంచి నడిచిపోవాలని 2017లో రాష్ట్రంలోని బీజేపీ ప్రభుత్వం పని మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కాంగ్రెస్ వచ్చింది, పని ఆగింది. ఉంచాలా, కూల్చాలా అన్న చర్చ మాత్రం ఆగలేదు. 2023 డిసెంబరులో మళ్లీ బీజేపీ వచ్చింది. తుప్పు పడుతున్న ఇనుప చట్రానికి మళ్లీ యోగం పట్టింది.

రోలర్ కోస్టర్ సూత్రం తేలికే. గొలుసు పైదాకా లాగి వదిలేస్తుంది, మిగతాది భూమ్యాకర్షణ చూసుకుంటుంది. ఇక్కడ లాగేది ఖజానా, వదిలేది సర్కారు, ఆకర్షణంతా కుర్చీది. అక్కడ పైన ఆగేది క్షణకాలం, ఇక్కడ ఒక ప్రభుత్వ హయాం. అక్కడ డబ్బు కట్టి ఎక్కినవాళ్లు అరుస్తారు. ఇక్కడ డబ్బు కట్టిన జనం ఎక్కే భాగ్యం లేక, అరిచే ఓపికా లేక, కిందే బండ్ల మధ్య రోడ్డు దాటుతున్నారు.

పార్కుల యజమానులకు ఓ ఉచిత సలహా: రైడ్ మధ్యలో ఆగిపోతే కంగారుపడి మెకానిక్‌ను పిలవకండి. ఎన్నికల సంఘాన్ని పిలవండి.