106వ నియమం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం వారి సముఖానికి,

హెడ్‌లైటు కాంతి ఎదుటివాడి కళ్ళను చెదరగొట్టకూడదని తమరు పుట్టిననాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు అవతల, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఒక కన్నును నిలబెట్టారు. కాంతి ఎప్పుడూ కిందికి వాలి ఉండాలి, లేదా డ్రైవరు వాల్చగలగాలి. ఎలా చేసినా ఆ కన్ను బెదరకూడదన్నారు. బండి నడిపేవాడి అవసరం కాక ఎదురుగా వచ్చేవాడి కన్నే కొలతగా పెట్టుకున్నందుకు ముందుగా తమరికి నమస్కారం. నా ఫిర్యాదల్లా ఆ కన్ను నిలబడ్డ చోటు గురించే. దీపం పూర్తిగా మారిపోయింది, తమరి కన్ను మాత్రం అంబాసిడర్ ముందు నిలబడ్డచోటే నిలబడి ఉంది.

తమరి చిన్నతనంలో దీపం ఎలా ఉండేదో గుర్తు చేయనివ్వండి. అంబాసిడర్‌కు గుండ్రటిది, మారుతి 800కి నలుచదరం. లోపల ఫిలమెంటు బల్బు, వెనక రిఫ్లెక్టరు, ముందు గీతలు గీతలుగా ఉన్న గాజు. ఆ గీతలు అందానికి పెట్టినవి కావు, కాంతిని పక్కలకు పరిచి రోడ్డు మీదికి వాల్చేవి అవే. అమెరికాలోనైతే 1940 నుంచి ఏ కంపెనీ కారుకైనా 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ దీపమే ఉండాలన్నారు. తర్వాత నాలుగు చిన్న దీపాలకు, 1975లో నలుచదరానికి ఒప్పుకున్నారు గానీ, ఇష్టమొచ్చిన ఆకారానికి 1983 దాకా తలుపు తీయలేదు. యూరపు వాళ్ళు ఆకారం జోలికి పోకుండా వెలుగు ఎక్కడ పడుతుందన్నదే పట్టించుకున్నారు. ఎదురొచ్చేవాడి వైపు తక్కువగా, రోడ్డు అంచు వైపు దూరంగా పడే డిప్పర్ 1957లో వాళ్ళ దగ్గరే వచ్చింది. 1962లో హాలోజన్, 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జినాన్, 2007లో లెక్సస్‌తో ఎల్‌ఈడీ వచ్చాయి. చిన్న జాగాలో పెద్ద వెలుగు ఇమిడేసరికి దీపం కారు మొహానికి కన్నయింది. ఇప్పుడు ప్రతి కారూ ఎవరిమీదో కోపం ఉన్నట్టే గుర్రుగా చూస్తోంది.

సన్నబడితే తప్పేమిటంటారా? ఒకప్పుడు 7 అంగుళాల గాజంతా పరుచుకుని బయటికొచ్చిన కాంతి ఇప్పుడు చిన్న ప్రొజెక్టరు కటకంలోంచి దూసుకొస్తోంది. మొత్తం వెలుగు అంతే ఉన్నా, అది వెలువడే జాగా తగ్గేకొద్దీ కంటికి గుచ్చుకునే తీవ్రత పెరుగుతుంది. దానికి రంగు కూడా తోడైంది. హాలోజన్‌ది సుమారు 3,200 కెల్విన్ల పసుపు, ఎల్‌ఈడీది 5,500 నుంచి 6,000 కెల్విన్ల నీలం కలిసిన తెలుపు. మీటరు రెండింటికీ ఒకే అంకె చూపినా కన్ను మాత్రం రెండోదానికే ఎక్కువ ఇబ్బంది పడుతుంది. తమరేమో 7 వాట్లు మించని బల్బుకు, మసక గాజు ఉంటే చాలు, మినహాయింపు ఇచ్చి కూర్చున్నారు. ఫిలమెంటు రోజుల్లో 7 వాట్లంటే పూజగదికి సరిపోయే వెలుగు. ఇప్పుడు ఇళ్ళలో 9 వాట్ల ఎల్‌ఈడీ పాత 60 వాట్ల బల్బు పని చేస్తోంది. వాట్లు చూసి వెలుగును అంచనా వేసే లెక్క ఎప్పుడో చెల్లిపోయింది.

ఇక వంపు సంగతి. డిప్పర్ కాంతి మామూలుగా నూటికి ఒకటి చొప్పున కిందికి దిగుతుంది. అంటే 65 సెంటీమీటర్ల ఎత్తున్న దీపం వెలుగు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 2.5 మీటర్లుండే కారు వెనక భాగం 2.5 సెంటీమీటర్లు కుంగిందంటే ఆ వంపు మొత్తం మాయం. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు, డిక్కీలో బియ్యం బస్తాలు ఉంటే ఆ కాస్త కుంగడం ఎంతసేపు? పాత దీపానికి వెలుగు అంచు మెత్తగా ఉండేది కాబట్టి కొంత చెల్లింది. ప్రొజెక్టరుకు ఆ అంచు కోసినట్టు ఉంటుంది, గుంత వచ్చినప్పుడల్లా ఎదుటివాడి కళ్ళ మీదికి ఎక్కి దిగుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు 2,000 ల్యూమెన్లు దాటిన దీపానికి తనంతట తానే వంపు సరిచేసుకునే ఏర్పాటు ఉండాలన్నాయి. ఆ గీతకు కిందే ఆగిన దీపాలకు డ్రైవరు చేత్తో తిప్పే చిన్న చక్రంతో సరిపెడతారు. 0 నుంచి 3 దాకా అంకెలున్న ఆ చక్రం ఎందుకుందో ఎంతమందికి తెలుసు? (టాటా హారియర్, హ్యుందాయ్ వెన్యూ లాంటివాటిలో పగటి దీపాలను పైకి, అసలు దీపాన్ని బంపరు దగ్గరికి తెచ్చారు. సోకు కోసం చేసినా, వెలుగు ఎత్తు తగ్గి ఎదుటివాడికి మేలే జరిగింది.)

తమరి తరఫున ఒకరు లేచి, కొత్త దీపాలకు 106 ఒక్కటే కాదు, కడుపునిండా ఏఐఎస్ (వాహన పరిశ్రమ) ప్రమాణాలున్నాయని అనవచ్చు. ఉన్నాయి. అవి చూసేది కంపెనీ నుంచి వచ్చిన దీపాన్ని. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. పొగ కోసం పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు గానీ, ఆ పదిహేనేళ్ళలో లైటు ఎటు చూస్తోందో అడిగే నాథుడు లేడు. ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో షాపువాడు ఎల్‌ఈడీ బల్బు తొడిగితే, వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా కాంతి అదుపు తప్పుతుంది. పోలీసులు అంటించే నల్ల స్టిక్కరు గుండ్రటి దీపం నాటి వైద్యం. ప్రొజెక్టరు మీద అది దిష్టిచుక్కకు మించి పని చేయదు.

మన రోడ్ల మీద దీపాల్లేని ట్రాక్టర్లు, గేదెలు ఉంటాయి, వెలుగు తగ్గిస్తే ప్రాణాలు పోతాయన్నది ఇంకో అభ్యంతరం. ఇది గట్టిది. కానీ నేను అడిగేది వెలుగు తగ్గించమని కాదు. అమెరికాలో బీమా కంపెనీల భద్రతా సంస్థ 2016లో మొదటిసారి 31 మధ్యస్థాయి కార్ల దీపాలను రోడ్డు మీద పరీక్షించి, ఎంత దూరం కనిపిస్తుందో, ఎదుటివాడికి ఎంత గుచ్చుకుంటుందో రెండూ లెక్కగట్టింది. మంచి మార్కు వచ్చింది టయోటా ప్రియస్ వి ఒక్కదానికే, అదీ ఎల్‌ఈడీ దీపాలతోనే. రెండూ కలిపి సాధించడం కుదురుతుందని, ఖరీదు చూసి ఆ నమ్మకం పెట్టుకోకూడదని కూడా దాంతో తేలింది. అసలు తప్పంతా డిప్పర్ కొట్టకుండా హైబీమ్‌లో వచ్చేవాడిదేనంటారా? సగం ఒప్పుకుంటాను. రాత్రిపూట డిప్పర్ వాడమని లారీల వెనక అన్నేళ్ళుగా రాస్తున్న విన్నపం ఫలించలేదు కాబట్టే, ఎదుటి బండి ఉన్న మేరకే వెలుగును తీసేసే దీపాలు పుట్టాయి. అమెరికా కూడా 2022లో వాటికి అనుమతి ఇచ్చింది.

కాబట్టి అయ్యా, తమరి కన్నును చోటు మార్చండి. చిన్న కారులో కూర్చున్నవాడి కన్ను 1.5 మీటర్ల ఎత్తున ఉండదు, 1.2 దగ్గర ఉంటుంది. అతనికి కళ్ళు చెదిరేది 8 మీటర్ల దగ్గర మొదలవదు. యూరపు పరీక్షల్లో ఎదుటి డ్రైవరు కంటిని 50 మీటర్ల దూరాన పెట్టి లెక్క చూస్తారు. వాట్లు కొట్టేసి వెలుగును, అది వెలువడే జాగాను కొలవండి. ఎల్‌ఈడీ దీపం ఎంత చిన్నదైనా వంపు దానంతటదే సరయ్యే ఏర్పాటు తప్పనిసరి చేయండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోటే లైటు వంపు కూడా చూడమనండి. నాలుగు వరుసల రోడ్ల మధ్య గన్నేరు చెట్లు ఎదుటి వెలుగుకు అడ్డుంటాయి, రెండు వరుసల రోడ్ల మీద తమరు తప్ప అడ్డు లేదు.

ఇట్లు,
ఒక లైసెన్సుదారు