అర మార్కు టీక

మూలం: పరమాణు కేంద్రకము నందు గల ప్రోటానుల సంఖ్యను పరమాణు సంఖ్య అందురు.

అవతారిక. ఈ సూత్రం చేసిన మహానుభావుడి పేరు ఏ గైడులోనూ లేదు, కనుక అపౌరుషేయం. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు మొన్న యూనిట్ టెస్టులో దీనికి బదులు "పరమాణువు నట్టనడుమ ఎన్ని ప్రోటాన్లుంటే ఆ లెక్కే" అని రాసుకొచ్చింది. ఎర్ర పెన్నుతో 'నట్టనడుమ' చుట్టూ సున్నా చుట్టి అర మార్కు కోశారు. కీవర్డు లేదట. అందుచేత, పిల్లలకు సూత్రం మీద భక్తి కుదరాలని ఈ టీకకు పూనుకున్నాను.

ప్రతిపదార్థం. తేలిక మాటల జోలికి పోను. 'నందు' అన్నాక మళ్లీ 'గల' ఎందుకు? చోటు చెప్పగానే ఉనికి తేలిపోయింది, ఇది పునరుక్తి. దీనికి మార్కులు కోయరు. 'పరమాణు సంఖ్య' షష్ఠీ తత్పురుషమే, కాని విప్పడంలో ఉంది తిరకాసు. పరమాణువు యొక్క సంఖ్య అంటే సరే. పరమాణువుల యొక్క సంఖ్య అన్నా సమాసానికి అభ్యంతరం లేదు. అలా విప్పిన పిల్లవాడు అవొగాడ్రో గారి సంఖ్య గుమ్మంలో తేలతాడు. పోతే, అణువంటే పరమాణువుల కూటమి అని బడిలో చెబుతారు, పేపరువాళ్లు మాత్రం అణుబాంబు అనే రాస్తారు. పేలేదేమో పరమాణువు కడుపులోని కేంద్రకం. ఇది పాఠాంతరం, పరీక్షలో రాదు.

విశేషం. సంఖ్య అనగానేమి? ఇక్కడ వైశేషిక దర్శనానికి ఆద్యుడైన కణాదుణ్ణి తలచుకోకుండా ఉండలేను. వైశేషికులకు సంఖ్య ఒక గుణం, రంగూ రుచీ లాగే. వాళ్ల లెక్కలో రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. మా తాతగారి పెంకుటింట్లో మిట్టమధ్యాహ్నం పగిలిన పెంకు సందులోంచి ఎండ గొట్టంలా దిగేది. అందులో ఈదే నలుసే త్ర్యణుకం, అంటే ఆరు పరమాణువులన్నమాట. చాప మీద వెల్లకిలా పడుకుని వాటిని లెక్కపెట్టబోయి నిద్రపోయిన వేసవులు ఎన్నో. మరి కంటికి ఆనని పరమాణువులు కలిస్తే కంటికి ఆనే పరిమాణం ఎక్కణ్ణించి వచ్చింది? వాటి పరిమాణం నుంచి కాదు, సంఖ్య నుంచి అన్నారు. ఎంత సొగసైన మాట! అయితే ఒకటి దాటిన సంఖ్య దానంతటది పుట్టదు, "ఇదొకటి, ఇదొకటి" అని ఎంచే బుద్ధి కావాలి. దాని పేరు అపేక్షాబుద్ధి. పరమాణువులను చూసి ఎంచేదెవరు? ఈశ్వరుడని తేల్చారు. (ఇది పట్టుకుని, ప్రోటాన్ల సంగతి మనవాళ్లకు ముందే తెలుసని వాట్సాప్‌లో పంపేవారికి ఓ నమస్కారం. కణాదుడు ఆ మాట అనలేదు.)

ఈశ్వరుడి తర్వాత ఎంచినవాడు హెన్రీ మోస్లీ. అంతవరకూ పరమాణు సంఖ్య అంటే బరువుల వరసలో హాజరుపట్టీ నంబరు. కోబాల్టు బరువు 58.93, నికెల్ బరువు 58.69, బరువును నమ్మితే నికెల్ ముందు రావాలి, గుణాలు చూస్తే కోబాల్టు ముందుండాలి. 1913లో మోస్లీ ఒక్కో లోహాన్నీ ఎలక్ట్రాన్లతో కొట్టి, అది వెదజల్లే ఎక్స్ కిరణాలను కొలిచాడు. పౌనఃపున్యానికి వర్గమూలం తీస్తే మూలకానికొకటి చొప్పున, ఒకే ఎత్తున మెట్లు! కోబాల్టుది 27వ మెట్టు, నికెల్‌ది 28. నడుమ ఖాళీ మెట్లూ కనిపించాయి: 43, 61, 75. ఆ 43 మీదికి టెక్నీషియం 1937లో గాని వచ్చి కూర్చోలేదు. అది చూడ్డానికి మోస్లీ లేడు. 1915 ఆగస్టులో గలిపోలీ యుద్ధంలో తుపాకి గుండు తగిలి పోయాడు. వయసు 27.

ఇప్పుడు మూలం మళ్లీ చదవండి. ప్రోటాన్ అన్న పేరు రూథర్‌ఫర్డ్ పెట్టింది 1920లో. అంటే మోస్లీ కీవర్డు ఎరగకుండానే పోయాడు. మా పిల్ల పక్కన బెంచీ మీద కూర్చోబెడితే ఆయనకూ అర మార్కు కోతే.

దోషవిచారం. మా పిల్ల చదివే గైడులో సూత్రం కింద డబ్బా గీసి, పరమాణు సంఖ్య = ప్రోటాన్ల సంఖ్య = ఎలక్ట్రాన్ల సంఖ్య అని అచ్చేశారు. వంటింటి ఉప్పులోని సోడియానికి పదకొండింట్లో ఒక ఎలక్ట్రాన్ పోయి 10 మిగిలాయి. నియాన్‌కూ పదే. డబ్బాను నమ్మితే మనం పప్పులో వేసుకుంటున్నది నియాన్. తార్కికులు దీన్ని అతివ్యాప్తి దోషమంటారు. 'తటస్థ పరమాణువులో' అని ఒక్క ముక్క చేరిస్తే పోయేది. ఆ డబ్బాను దించినవాళ్లందరికీ మార్కుకి మార్కు పడింది. తప్పు కంఠతా పట్టినవాడికి పూర్తి మార్కు, ఒప్పును తన మాటల్లో చెప్పిన పిల్లకు సగమా? ఆ పేపరు దిద్దినవారిని... సరే, టీకాకారుడికి కోపం తగదు.

తాత్పర్యం. స్పష్టం.

ఇదంతా చదివి వినిపిస్తే మా పిల్ల అడిగింది ఒక్కటే: "మరి సంఖ్యకి జెడ్ అని గుర్తెందుకు పెట్టారు మావయ్యా?" జర్మన్ భాషలో సంఖ్యను 'త్సాల్' అంటారు, ఆ మాట రాయడం జెడ్‌తో మొదలవుతుందని చెప్పాను. నోటు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకుంది. కాసేపాగి, "పరీక్షలో రాయొచ్చా?" అంది.

"వద్దమ్మా."