భూమి కుంగాలి, కారణం ఉండకూడదు

ఇంటి బీమా కట్టేవాళ్ళకు శుభవార్త: ఇల్లున్న నేల కుంగితే కంపెనీ పరిహారమిస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో ఆ మాట స్పష్టంగా ఉంది. మినహాయింపులూ అంతే స్పష్టంగా ఉన్నాయి. కొత్త కట్టడం సర్దుకుంటూ దిగితే రాదు. మట్టి పోసి ఎత్తు చేసిన నేల జరిగితే రాదు. ఏటి కోతకు రాదు. డిజైన్‌లో లోపమున్నా, పనితనం బాగోకున్నా, నాసిరకం సామాను వాడినా రాదు. తవ్వకాల వల్ల కుంగితే అసలే రాదు. ఇవన్నీ పోగా మిగిలేది, ఎవరి తప్పూ లేకుండా తనంతట తాను దిగిపోయే పుణ్యభూమి ఒక్కటే. అలాంటి చోట ప్లాటు దొరికితే నిశ్చింతగా ప్రీమియం కట్టవచ్చు.

మన దగ్గర ఇళ్ళు అంత నిష్కారణంగా కుంగవు. నల్గొండ జిల్లా హాలియా పక్కన సాగర్ ఎడమ కాల్వ కింది నల్లరేగడి మడి ప్లాటైనంత మాత్రాన మట్టి గుణం మారదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైనున్న గోడనూ తనతోపాటు కదుపుతుంది. అలాంటి నేలలో, తేమ మారని లోతుకు దిగి, అడుగున వెడల్పయ్యే పైల్స్ వేయాలని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే చెప్పింది. మనం మొరం పోయించి, ఇల్లు రోడ్డు కంటే ఎత్తు వచ్చిందని సంబరపడతాం. కంపెనీ దాన్ని ‘పోసిన నేల’ అంటుంది. పునాది చాలకపోతే ‘డిజైన్ లోపం’ అంటుంది. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్దిఖ్ నగర్‌లో పక్క ప్లాటుకు పునాది తీస్తుంటే ఒక భవనం ఒరిగింది, చివరికి కూల్చేశారు. పాలసీ భాషలో అది ‘తవ్వకం’.

మేస్త్రీ చేసిన తప్పుకు కంపెనీ ఎందుకు కట్టాలని అడగవచ్చు. న్యాయమే, అజాగ్రత్తగా కట్టినవాడి నష్టాన్ని జాగ్రత్తపరుడి ప్రీమియంతో పూడ్చలేం. మరి జాగ్రత్త ఎవరు చూస్తున్నారు? బ్యాంకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడుగుతుంది గానీ మట్టి సంగతి అడగదు. 75 గజాల లోపు ప్లాటులో చిన్న ఇంటికి తెలంగాణ చట్టం అనుమతే అక్కర్లేదంటుంది. వాస్తు సిద్ధాంతికైతే ఈశాన్యం పల్లంగా ఉండాలి; ఆ మూల కుంగితే ఆయన లెక్కలో శుభమే. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగితే విచారణ కమిషన్ వచ్చింది. ఇల్లు కుంగితే బీమా సర్వేయర్ వస్తాడు. ఆ మట్టి గురించి శ్రద్ధగా ఆరా తీసే మొదటి మనిషి బహుశా ఆయనే, అదీ పరిహారం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి. చిన్న ఇంటికి మట్టి పరీక్ష భారమంటారు. ఎలివేషన్ టైల్స్ దగ్గర ఆ లెక్క గుర్తు రాదు. పరీక్ష కాగితం అప్పుకు ముందు బ్యాంకు, పాలసీకి ముందు కంపెనీ అడగాలి. ఆ మినహాయింపులు కూడా ప్రీమియం తీసుకునేటప్పుడే తెలుగులో చదివి వినిపించాలి, గోడ పగిలాక కాదు.