మన ఆలస్యాన్ని దోచుకుపోయే ఇల్లు

మాడ్యులర్ ఇళ్లను వెంటనే నిషేధించాలి. ఫ్యాక్టరీ షెడ్డులో గోడలు, కిటికీలు, వైరింగు, బాత్రూం టైల్సుతో సహా గదికి గది తయారై, లారీ ఎక్కి వచ్చి, క్రేను పట్టుకుని దిగి, పునాది మీద కూర్చుంటుందట! ఇక్కడ పునాది ఆరేలోగా అక్కడ గది సిద్ధమవుతుంది కాబట్టి బోలెడంత కాలం కలిసొస్తుందని కంపెనీల వాళ్లు గొప్పగా చెబుతున్నారు. ఆ కాలం మీద ఎంతమంది బతుకుతున్నారో వీళ్లకేమైనా తెలుసా?

మామూలు ఇండిపెండెంట్ ఇల్లు ఎంతమందికి పని కల్పిస్తుందో చూడండి. సెంట్రింగ్ వాళ్లు రాలేదని ప్లంబరు రాడు, ప్లంబరు రాలేదని ప్లాస్టరింగ్ ఆగుతుంది. మేస్త్రీ మాత్రం "రేపు పొద్దున్నే దిగుతాం సార్" అంటూ మూడు సైట్లకు ఒకే రేపును పంచుతాడు. రిటైరైన ఇంటాయన తలకు తువ్వాలు చుట్టుకుని, స్లాబు మీద మడులు కట్టి నీళ్లు పెడుతూ, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటూ కాలక్షేపం చేస్తాడు. ఫ్యాక్టరీ ఇంట్లో ఈ భాగ్యాలేవీ లేవు. అక్కడ వాన పడినా పని ఆగదు. కొలత తప్పితే లోపలే పట్టుకుంటారు. పైగా ప్లాను ఖాయం చేశాక మార్చడానికి ఒప్పుకోరు. గోడ లేచాక వచ్చి "వంటిల్లు రెండడుగులు జరిపితే బాగుండేది బావా" అనే బావమరిదికి చోటు లేని ఇల్లు అసలు ఇల్లేనా? మెట్లు పూర్తయ్యాక దిక్కు తప్పిందని పగలగొట్టించే వాస్తు సిద్ధాంతి ఏం తిని బతకాలి?

ఇసుక సంగతీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం. అంటే ఇసుకకు డబ్బు కట్టక్కర్లేదు, తవ్వకానికి, లోడింగుకు, రవాణాకు కడితే చాలు. ఉక్కు చట్రం, ప్యానెళ్లతో చేసే మాడ్యులర్ ఇంటికి ఇసుక పునాది దగ్గర తప్ప పెద్దగా అక్కర్లేదు. ఇసుక లేకపోతే మన ఎన్నికల సభల్లో ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

ఇంతకంటే పెద్ద నేరం మరొకటుంది. ఈ ఇల్లు మన ఫారాల్లో పట్టదు. తెలంగాణలో ప్రభుత్వ పథకం కింద కట్టుకునే ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయల సాయం దశలవారీగా వస్తుంది. బేస్‌మెంట్ లేస్తే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత. ప్రతి దశకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఒక మాడ్యులర్ ఇల్లు ఊళ్లోకి వచ్చిందనుకోండి. పంచాయతీ కార్యదర్శి బేస్‌మెంట్ ఫొటో తీసుకుని, టీ తాగి వచ్చేసరికి గోడలు, కప్పు, తలుపు, తలుపుకు తాళం! ఉట్టి గోడల ఫొటో ఏదీ? స్లాబు ఎప్పుడు పడింది? పాపం, కార్యదర్శి తాళం వేసిన ఇంటి చుట్టూ ఫోను పట్టుకుని ప్రదక్షిణం చేస్తాడు. బ్యాంకు గృహరుణం నడిచేదీ ఇదే పద్ధతిలో: పని ఎంత లేచిందో చూసి అంత విడుదల. ఫ్యాక్టరీ వాడేమో లారీ గేటు దాటకముందే సింహభాగం చేతిలో పెట్టమంటాడు. ఎగతాళి పక్కన పెడితే, మధ్యతరగతి మనిషి ఈ ఇంటి వైపు చూడలేకపోవడానికి అసలు కారణాల్లో ఇదొకటి.

అయినా భయపడక్కర్లేదు. మన వ్యవస్థ ముందు ఏ ఫ్యాక్టరీ నిలబడుతుంది? కేంద్రం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో, కొత్త టెక్నాలజీలతో ఇళ్లు కట్టే లైట్‌హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. అందులో రాంచీది గదులకు గదులే కాంక్రీటులో ముందే పోసి తెచ్చి పేర్చే పద్ధతి. 12 నెలల్లో ఇస్తామన్నారు. ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. నడుమ కోవిడ్ వచ్చింది, స్థలం మీద గొడవలూ వచ్చాయి. ఆంధ్రలో గోడలనూ కాంక్రీటుతోనే పోసే షియర్‌వాల్ టెక్నాలజీతో ప్రభుత్వం లేపిన టిడ్కో ఇళ్లదీ ఇలాంటి కథే. గోడలు లేచిన వేగం తాళంచెవులకు రాలేదు. గోడ కట్టడంలో ఆలస్యాన్ని ఇంజనీర్లు తీసేస్తే, దాన్ని కాగితంలోకి బదిలీ చేసే నేర్పు మనది.

అపార్ట్‌మెంటుతో పోల్చి చూడండి, అక్కడ ఇంకా హాయి. ప్రీ లాంచ్‌లో బ్రోచరు కొనుక్కుని, రెరా నంబరు ఏదని అడిగితే "వస్తోంది సార్" అన్న జవాబుతో ఏళ్ల తరబడి ఆశగా జీవించవచ్చు. మాడ్యులర్ ఇంట్లో ఆశకు తావే లేదు, నేరుగా ఇల్లే వచ్చేస్తుంది.

ఈ మధ్య మన వ్యాపారులు కొందరు దీనికీ విరుగుడు కనిపెట్టారు. రేకు కంటైనరుకు రెండు కిటికీలు కోసి, లోపల వాల్‌పేపరు అతికించి "మాడ్యులర్ విల్లా" అంటున్నారు. అమెరికాలో అసలైన మాడ్యులర్ ఇంటికీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేరే రకం ఇంటికీ తేడా చట్టంలోనే ఉంది. మాడ్యులర్ ఇల్లు ఆ ప్రాంతంలోని మామూలు ఇళ్ల నిర్మాణ నిబంధనలకే లోబడి, శాశ్వత పునాది మీద నిలుస్తుంది. ఉక్కు చాసిస్ మీద వచ్చే మాన్యుఫ్యాక్చర్డ్ ఇంటికి 1976 నుంచి వేరే ఫెడరల్ ప్రమాణం ఉంది. మన దగ్గర తేడా చెప్పేది మే నెల ఎండ.

నా పిలుపు విన్నాక కూడా కొనే తీరుతానంటారా? అయితే చదరపు అడుగు ధర అడిగే ముందు నాలుగు అడగండి. గోడ లోపల ఇన్సులేషన్ ఎంత మందం? పునాది, రవాణా, క్రేను బాడుగ ఈ ధరలోనేనా? దీని మీద అప్పిస్తానని ఏ బ్యాంకైనా రాసిస్తుందా? మీ సందులో, ఆ కరెంటు తీగల కింద, లారీ మలుపు తిరుగుతుందా? నాలుగింటికీ కాగితం మీద జవాబొస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.