తలకట్టు కోసిన లోగో

ఎక్కడైనా చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారని చెవిన పడితే చాలు, దాని లోగో ఎట్లుంటుందో మా సింగరేణి ప్రాంతపు జైపూర్ చాయ్ హోటల్లో కూర్చుని చెప్పేయొచ్చు. ఒక చతురస్రం, ఒక త్రిభుజం, ఒక వృత్తం. సింగరేణి ప్రాంతమైతే చతురస్రానికి నలుపు పూస్తారు. అది బొగ్గు. త్రిభుజం మా 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం చిమ్నీ. చిమ్నీకి మూడు మూలలు ఎప్పుడొచ్చాయని అడగకూడదు. ఎర్ర వృత్తం సూర్యుడు, కార్మికుడి నెత్తురు, టోపీ లైటు; ఏ సభలో మాట్లాడితే ఆ అర్థం. వీటి మధ్యే ఎక్కడో ప్రదర్శన పేరు కూడా ఉందంటారు. నమ్మాలి.

లోగో జానెడు, దాని వివరణ మూరెడు. అందులో స్వర్ణ నిష్పత్తి ఉంటుంది, బిందువు ఉంటుంది, శూన్యం ఉంటుంది. ప్రదర్శన ఎక్కడో, ఎప్పుడో మాత్రం ఉండదు.

నిలదీస్తే బౌహౌస్ అంటారు. 1919లో పుట్టిన ఆ జర్మన్ బడికి 1922లో ఆస్కార్ ష్లెమ్మర్ కొన్ని నిలువు, అడ్డ గీతలతో ముద్ర గీశాడు. అది మనిషి ముఖమని పిల్లలూ చెబుతారు. 1923లో అక్కడి గురువు, చిత్రకారుడు కాండిన్‌స్కీ ఏ ఆకారానికి ఏ రంగు నప్పుతుందో చెప్పమని ప్రశ్నపత్రం పంచాడు. అంతటివాడే నలుగురిని అడిగాడు. మనవాళ్లు ఇంట్లోవాళ్లనైనా అడగరు. 1925లో అక్కడే హెర్బర్ట్ బేయర్ పెద్దక్షరాలు దండగని తీసేశాడు. తెలుగులో పెద్దక్షరాలు లేవాయె! ఏదో ఒకటి తీసేయకపోతే ఆధునికం కాదు కాబట్టి మనవాళ్లు తలకట్టు కోశారు. ధ కింది గీత గడిలో పట్టలేదని ఎగరగొట్టారు. ధర్మపురి కాస్తా దర్మపురి అయింది.

మనది గుండ్రటి లిపి. దాన్ని గళ్లలో కుక్కితేనే రేఖాగణితమా? వృత్తం ఏ శాస్త్రంలోది మరి? సున్నా కన్నా నిఖార్సైన జ్యామితి ఏ లిపిలో దొరుకుతుంది?

త్రిభుజాల మీద నాకు పగ లేదు. కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన చిత్రకారుడు పి.టి.రెడ్డి అవే ఆకారాలతో తాంత్రిక చిత్రాలు వేశారు. అక్కడ త్రిభుజమే బొమ్మ. ఎవరికి తోచింది వారు చూసుకుంటారు. లోగోకు ఆ వెసులుబాటు లేదు. అది ముందు పేరు చెప్పాలి, తర్వాతే వేదాంతం.

నిర్వాహకులకు ఒక మనవి. కొత్త లోగో చేతికి రాగానే వివరణ పత్రం పక్కన పెట్టి, లోగోను బొగ్గు బాయి గేటు దగ్గర అతికించండి. మొదటి షిఫ్టు దిగి బస్సుకు ఉరికే కార్మికుడు ఆగకుండా పేరు చదివితే డిజైనరుకు డబ్బులివ్వండి. ఆగి, తల పక్కకు వంచి, 'గిది ఏ యూనియన్ గుర్తే?' అని అడిగితే మాత్రం పలక, బలపం కొనివ్వండి.