కాపీయింగ్ ఫైలు చదివిన కాలం

ఒరే నాయనా, ఒక్క కమాండు కొట్టి వందల లైబ్రరీలు దించుకుంటున్నావే, వాటిలో ఒక్కదాని లైసెన్సయినా తెరిచి చూశావా? గోత్రం అడక్కుండా సంబంధం ఖాయం చేసుకునే తరం మీది.

మా రోజుల్లో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలోంచి తీసుకోవాలి, లేదంటే మోడెం కీచుమంటూ ఉంటే రాత్రంతా కూర్చుని దించుకోవాలి. టార్ ఫైలు విప్పగానే రీడ్‌మీ, దాని పక్కనే లైసెన్సు రాసి ఉన్న కాపీయింగ్ కనిపించేవి. అంత కష్టపడి దించుకున్నాం గనక చదివేవాళ్ళం. ఎంఐటీ లైసెన్సయితే కాపీరైటు నోటీసు ఉంచి మన అమ్మకం సరుకులో కలుపుకోవచ్చు. జీపీఎల్ అయితే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళం, దాంతో కలిపి కట్టిన ప్రోగ్రాం బయటివాళ్ళకిస్తే సోర్సంతా జీపీఎల్ కిందే ఇవ్వాలి. ఎల్‌జీపీఎల్ కొంచెం మెత్తన. డైనమిక్‌గా లింకు చేస్తే మన కోడు మన దగ్గరే ఉంటుంది. స్టాటిక్‌గా కలిపేస్తే మాత్రం, వాడుకునేవాడు ఆ లైబ్రరీ మార్చి మళ్ళీ లింకు చేసుకోవడానికి వీలుగా మన ఆబ్జెక్టు ఫైళ్ళయినా ఇవ్వాలి. ఇదంతా మాకు కంఠతా ఉండేది.

అప్పుడూ తగువులు లేవని కాదు. 1992లో బ్రూనో హైబ్లే తన లిస్ప్ ప్రోగ్రాం క్లిస్ప్‌కి జీఎన్‌యూ రీడ్‌లైన్ జోడించాడు. టైపు చేసిన వరసను దిద్దుకోవడానికి పనికొచ్చే చిన్న లైబ్రరీ అది, కానీ జీపీఎల్. జీపీఎల్ రాసిన స్టాల్‌మన్‌కీ ఆయనకీ ఉత్తరాలు నడిచి నడిచి, చివరికి క్లిస్పే జీపీఎల్‌లోకి వచ్చింది. ఆ ఉత్తరాలను క్లిస్ప్‌తో పాటే పంచారు కూడా. డెస్క్‌టాప్ కట్టిన కేడీఈవాళ్ళు వాడిన క్యూటీ లైబ్రరీ లైసెన్సు మీద రగడ 2000లో క్యూటీ జీపీఎల్ కింద వచ్చేదాకా ఆగలేదు. ఎంత పోట్లాడుకున్నా వాళ్ళంతా లైసెన్సు చదివి పోట్లాడుకున్నవాళ్ళు.

ఇప్పుడు వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సంగతే చూడు. మామూలుగా కడితే ఎల్‌జీపీఎల్. ఎక్స్264 కావాలంటే జీపీఎల్‌కి ఒప్పుకుంటున్నానని కాన్ఫిగర్ వరసలో మన చేత్తో రాయాలి. దానికి ఎఫ్‌డీకే ఏఏసీ కూడా తగిలిస్తే నాన్‌ఫ్రీ అని రాయనిదే ముందుకు కదలదు. రాశాక కడుతుంది, కానీ ఈ బైనరీని ఎవరికీ పంచకూడదని తెరమీదే చెబుతుంది. మేం ఆ వరస చదివి ఆగేవాళ్ళం. మీరు ఎవరో కట్టి పెట్టిన డాకర్ ఇమేజి దించుకుని కస్టమరుకు పంపిస్తారు, ఆ వరస ఉన్నట్టే మీకు తెలియదు.

అపాచీ అయినా జీపీఎల్ అయినా రెండూ ఓపెన్ సోర్సే కదా అంటావు. 2004లో వచ్చిన అపాచీ 2.0నీ, 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్నీ కలిపి చూడు. అపాచీలో ఉన్న పేటెంటు షరతులు అదనపు ఆంక్షలని, ఆ రెండూ పొసగవని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే చెబుతుంది. 2007 నాటి మూడో వెర్షన్‌తో అయితే పొసగుతుంది. వెర్షను నంబరు దగ్గరే అంతా తేలిపోతుంది, మీరేమో జీపీఎల్ అన్న మూడక్షరాలు చూసి ఊరుకుంటారు.

పైగా ఈ కాలంలో లైసెన్సులకూ నిలకడ లేదు. రెడిస్ డేటాబేసు 2024లో బీఎస్‌డీ వదిలేసింది, ఏడాది తిరిగాక ఏజీపీఎల్‌ను కూడా చేర్చింది. నిరుడు చదివామని ఈ ఏడు వదిలేయడానికి లేదు.

ఎస్‌పీడీఎక్స్ పద్ధతి పుణ్యమా అని ఫైలు నెత్తిన ఒక్క వరసలో లైసెన్సు పేరు రాస్తున్నారు, అది మాకు లేని సుఖమే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క వరసైనా చదవరేమిరా మీరు!

కస్టమరుకు పంపే ముందు ఒక్క పూట కూర్చుని, ఏ లైబ్రరీ ఏ లైసెన్సు కింద ఉందో, ఎలా లింకయిందో జాబితా రాసుకో. లైసెన్సే లేనిది కనిపిస్తే తీసెయ్యి. లైసెన్సు పెట్టలేదంటే ఊరికే వాడుకొమ్మని కాదు, రాసినవాడు నీకు ఏ హక్కూ ఇవ్వలేదని.