కవిగారి స్నానాలు

నా మొదటి కవితా సంపుటి దాదాపు పూర్తయింది. ముందుమాట సిద్ధం. పెద్దవాళ్లని అడిగితే ఆలస్యం చేస్తారని నేనే రాసేసి, కింద సంతకం చోటు ఖాళీగా ఉంచాను. వెనక అట్టకి ఫోటో దిగాను, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. కృతజ్ఞతలు రెండు పేజీలొచ్చాయి. ఆవిష్కరణ సభకి ఎవరిని పిలవాలి, పిలవకపోతే ఎవరు అలుగుతారు అన్న పట్టిక కూడా తయారు. ఇక మిగిలినవి కవితలు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టైము లేక రాయలేదన్నాను. రిటైరయ్యాక టైము దొరికింది, బల్ల లేదన్నాను. బల్ల వచ్చింది. దాని మీద పెంబర్తి నగిషీ చేసిన ఇత్తడి పెన్ను స్టాండు ఒకటి పెట్టాను. పెంబర్తి మాకు పక్కూరే. కాకతీయుల కాలం నుంచీ అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకుని లక్క మీద పరిచి, ఉలితో చిన్నచిన్న దెబ్బలు కొడుతూ లతలూ హంసలూ లేపుతున్నారు. నా పెన్ను స్టాండు మీద ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెడుతూ ఒక మధ్యాహ్నం గడిపాను. అక్షరం పడలేదు గానీ హంస ముక్కు మాత్రం కంఠతా వచ్చింది.

అసలు నా మీద ఒత్తిడి ఎక్కువండీ. మా జనగామ జిల్లాలో పుట్టి కవిత్వం రాయడమంటే మాటలా? పాలకుర్తిలో సోమన, బమ్మెరలో పోతన. (పోతన మావాడు కాదు, కడప జిల్లా ఒంటిమిట్టవాడు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నేను వాదించను, మాట్లాడటమే మానేస్తాను.) మా అమ్మ పుట్టిల్లు మానుకోట వైపు, అంటే దాశరథి పుట్టిన చిన్నగూడూరు గాలి అటు నుంచి తగులుతుంది. అత్తగారిల్లు భూపాలపల్లి, అక్కడ బొగ్గు తప్ప ఏముందిలే అనుకునేవాణ్ని. 2016లో పాత వరంగల్లు ముక్కలై, మా చుట్టాలంతా తలా ఒక జిల్లావాళ్లయ్యారు. ప్రతి జిల్లాకీ ఒక మహాకవి, లేదా మహాకవిని పోలిన బెడద.

కలం ఆగిపోవడం నాతోనే మొదలు కాలేదని తెలిసిన రోజు ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించబోయి పోతనంతటివాడు ఆగిపోయాడట. ఘంటం పక్కన పెట్టి బయటికి వెళ్లాడట. స్నానానికని కొందరు, పొలానికని కొందరు. నాది స్నానం పార్టీ, నాకు పొలం లేదు కనక. ఆయన తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. ‘ఎవరమ్మా రాసింది?’ అంటే, ‘నువ్వే కదా నాన్నా, ఇప్పుడే వచ్చి రాసి వెళ్లావు’ అందట కూతురు. రాముడు పోతన రూపంలో వచ్చి పూరించిపోయాడని కథ. ఆ పద్యం ఎత్తుగడ 2020లో సినిమా పేరు కూడా అయి కోట్లు సంపాదించింది. ఆగిపోతే అలాంటి చోట ఆగాలి.

ఆనాటి నుంచి నేను స్నానాలు మొదలుపెట్టాను. నోటుబుక్కు తెరిచి, పైన ఒక్క లైను రాసి, పెన్ను మూత తీసి పెట్టి (రాముడికి శ్రమ ఎందుకని) బాత్రూంలోకి పోయేవాణ్ని. తుండు చుట్టుకునే పరుగెత్తుకొచ్చి చూసేవాణ్ని. ఒకరోజు నిజంగానే రాసి ఉంది! గుండె ఝల్లుమంది. ‘శరత్కాల చంద్రికా ధవళ దిగంతాలలో’ అన్న నా లైను కింద, గుండ్రటి అక్షరాల్లో: ‘పాలు సోమారం పొయ్యలే. మంగళారం అరలీటరే. బుధారం నీళ్లు.’

‘ఇందులో ఎందుకు రాశావే?’ అన్నాను.

‘ఖాళీ ఉంది గదా అని రాసిన. పెన్ను మూత గూడ పెట్టలే నువ్వు, సిరా ఎండిపోతది’ అంది మా ఆవిడ. ‘ఇగో, ఇంటున్నవా, దినాం గిన్నిసార్లు తానం జేస్తే మోటరు కాలిపోతది.’

నిజాయితీగా చెప్పాలంటే ఆ పేజీలో వేగం ఉన్నది ఆవిడ లైన్లకే. చివరి రెండు మాటల దగ్గర పాలవాడు కళ్లముందు నిలబడతాడు.

రాముడు రాలేదు కనక దాశరథి దారి పట్టాను. నిజాం సర్కారు నిజామాబాద్ జైల్లో పెడితే ఆయన కాగితం లేదు, కలం లేదు అని కూర్చోలేదు. బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. 1949లో ‘అగ్నిధార’ వచ్చేసరికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు. ఈ సంగతి చెబుతూ హాల్లోని గోడ వైపు కాస్త కాంక్షగా చూసినట్టున్నాను. మా ఆవిడ కూరగాయల కత్తి పట్టుకునే వచ్చింది.

‘ఆయన్ని జైల్ల ఏసిన్రు. నిన్ను ఎవలేసిన్రు? పోయిన దసరాకేగా రంగులేయించినం. గోడ మీద చెయ్యి పడ్డదనుకో...’ అని ఆగి, దయ తలచి, ‘బొగ్గే కావాలంటే మా తమ్మునికి ఫోన్ జేస్త, లారీ పంపుతడు’ అంది.

తమ్ముడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. లారీ పంపలేదు గానీ, ‘బావకి మనసు బాగలేనట్టుంది, ఇటు పంపు అక్కా’ అన్నాడు. నన్ను రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకి తీసుకుపోయాడు. 1990లో వెలుగులోకి వచ్చిన చిత్రాలున్నాయి అక్కడ. ఇసుకరాతి గుట్టలు, గొడుగుల్లా ముందుకు వంగిన చరియలు. ఆ చరియల కింద జేగురు రంగులో జంతువుల బొమ్మలు. పురావస్తువాళ్లు మధ్య శిలాయుగం దాకా తీసుకెళ్తారు వీటి వయసుని. ఒక చోట ఒక బొమ్మ మీదే ఇంకో బొమ్మ కనిపించింది. కింద ఉన్నవాడి అనుమతి తీసుకోలేదు, పైవాడు వేసుకుంటూ పోయాడు.

బామ్మర్ది చాలాసేపు చూసి, ‘బావా, గీసినోడి పేరు యాడా లేదేందే?’ అన్నాడు. వాడు మామూలుగానే అడిగాడు. నాకే వెనక అట్ట, గడ్డం కింద చెయ్యి గుర్తొచ్చి దగ్గొచ్చింది.

ఇంటికొచ్చేసరికి నా పరువుకి గండం సిద్ధంగా ఉంది. సద్దుల బతుకమ్మ ఆ రాత్రే. మా ఆవిడ వాకిట్లో తాంబాలం ముందేసుకుని, రంగు నీళ్లలో ముంచిన గునుగు కట్టలు ఆరబెడుతోంది, వేళ్లు గులాబీ రంగు. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ తంగేడు పూలు తుంచుతున్నారు. ‘ఏటా గవే పాటలాయె’ అని ఎవరో అంటే, మా ఆవిడ తలెత్తకుండానే, ‘మా ఆయన కవి గదా, పొద్దుగూకేలోపు రాసిస్తడు’ అనేసింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నన్ను కవి అన్నది అదే మొదటిసారి. అది పొగడ్తో, కక్షో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మంచి నోటుబుక్కు తీశాను. చంద్రికలూ దిగంతాలూ మళ్లీ వచ్చి కూర్చున్నాయి. మా ఆవిడ తొంగిచూసి, ‘దీన్ని తిరుక్కుంట, చప్పట్లు కొట్టుకుంట పాడాలె. ఊపిరి ఆగి ఎవలన్న పడితే?’ అంది. సోమన బసవపురాణాన్ని ద్విపదలో రాసింది ఎందుకో అప్పుడు అర్థమైంది: జనం నోట పాడుకునేదానికి ఊపిరి కొలతే కొలత. నోటుబుక్కు మూసి, గ్యాసు బిల్లు తిరగేసి, దాని వెనక రాశాను:

గ్యాసు బండొచ్చింది ఉయ్యాలో
గడప దాటలేదు ఉయ్యాలో

ఇందులో ఒక కిటుకుంది. ప్రతి లైనుకీ సగం పని ‘ఉయ్యాలో’ చేసిపెడుతుంది. ఒకరు చెప్పిన లైనుని అందరూ తిప్పి అంటారు. వాళ్లు అనేలోపు చెప్పేవాళ్లకి తర్వాతి మాట తట్టాలి. తట్టకపోతే ఇంకోసారి అనిపిస్తే సరి, ఎవరూ పట్టించుకోరు. బల్లా, స్టాండూ, స్నానాలూ ఇవ్వని తీరుబడి అది. మరో నాలుగు లైన్లు కుదిరాయి. తర్వాత మళ్లీ బిగుసుకుపోయాను. చెరువుగట్టుకి పోయే టైమైంది, ఉన్నంతమటుకే బిల్లు అందించేశాను.

గట్టు మీద పక్కింటి ముసలమ్మ అందుకుంది. ఆమెకి చదువు రాదు, బిల్లుతో పనీ లేదు. మా ఆవిడ చెవిలో చెబుతుంటే గొంతెత్తి చెబుతోంది. గడప దాటని బండ దాకా వచ్చి, అందరూ తిప్పి అంటుండగా, నేను ఎక్కడ నిలబడ్డానా అని ఒకసారి వెతికి, ఎత్తుకుంది:

మొయ్యమంటె మొగడు ఉయ్యాలో
మొగులు జూసినాడు ఉయ్యాలో

గట్టంతా నవ్వు. నవ్వుతూనే తిప్పి అన్నారు, మళ్లీ మళ్లీ అన్నారు. నేను ఇలాంటప్పుడు ఎటు చూడాలో తెలియక పైకి చూశాను, దాంతో ఇంకా నవ్వారు.

తెల్లారి ముసలమ్మ మలీద ముద్ద పట్టుకుని ఇంటికొచ్చింది. ‘కొడుకా, మంచిగ రాసినవ్. వచ్చే ఏడు గూడ రాయి. నడుమ జరంత ఖాళీ ఉంచు, నేను నింపుకుంట’ అంది. ఎంత ఖాళీ ఉంచాలన్న దాని మీద ఇంట్లో చర్చ నడుస్తోంది. రెండు లైన్లు చాలని నేను. మొత్తం ఉంచమని మా ఆవిడ.